పదకొండో రోజు

గుంటూరులో రాత్రి ఎక్కిన ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ధర్మవరం దాటేసరికి తెల్లవారింది. కిటికీలోంచి ఎర్రటి నేల, నల్లటి గుండ్ల గుట్టలు, అక్కడక్కడ పచ్చగా ఒక చీనీ తోట. మరి కాసేపటికి దిగాల్సిన స్టేషను వచ్చింది. బోర్డు మీద శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం అని ఉంటుంది. దిగేవాళ్లలో ఎక్కువమంది ఆటోలు మాట్లాడుకుని పుట్టపర్తి వైపు వెళ్లిపోతారు. స్టేషను ఉన్నది మాత్రం కొత్తచెరువు పక్కన. 2000లో పెనుకొండ, ధర్మవరాల మధ్య ఈ కొత్త లైను తెరిచినప్పటి నుంచీ కొత్తచెరువుకు రైలుంది.

నేను దిగిన రైలు బెంగళూరు పోయేది. నాతోపాటు దిగినవాళ్లకంటే అక్కడ ఎక్కినవాళ్లను చూస్తూ నిలబడిపోయాను. సిమెంటు సంచుల్లో సర్దిన బట్టలు, తాపీ, రసమట్టం, టిఫిన్ క్యారియర్. బేల్దారి పనికి పోతున్నారు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. చెనిక్కాయ పంట చేతికొచ్చినా రాకపోయినా, అప్పు మాత్రం వస్తుంది. అందుకే ఈ ఊళ్లకు బెంగళూరు పొరుగిల్లులాంటిది.

నన్ను రమ్మన్నది నా కాలేజీ మిత్రుడు. ఇద్దరం ఒకే జట్టులో బాస్కెట్‌బాల్ ఆడాం. అతను డ్రిల్లు మాస్టారు అయ్యాడు, రిటైరయ్యాక కొత్తచెరువులో స్థిరపడ్డాడు. పొద్దున్నే పిల్లలకు ఆట నేర్పుతాడు. "ఒక పిల్లోడున్నాడప్పా. నువ్వొచ్చి చూడల్ల. చూసి వాళ్ల నాయనతో ఒక మాట మాట్లాడల్ల" అని ఫోనులో అన్నాడు. అదీ నా ప్రయాణానికి కారణం.

సర్కిల్ దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తిని నేరుగా మైదానానికి వెళ్లాం. కోర్టు అని పిలవడానికి అక్కడ సిమెంటు లేదు, ఎర్రమట్టి. ఒక ఇనుప స్తంభం, చెక్క బోర్డు, వల లేని రింగు. మట్టిలో బంతి సరిగా లేవదు. లేచినా తిన్నగా లేవదు. అటువంటి నేల మీద ఆడినవాడికి ఒక లాభం ఉంది: బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టడం అలవాటవుతుంది.

ఆ అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. ఆరడుగుల మూడంగుళాలు ఉంటాడు. పది నిమిషాలు చూశాక నాకు అర్థమైంది, మిత్రుడు నన్ను ఎందుకు రమ్మన్నాడో. వాడు పాయింట్ల కోసం ఆడడం లేదు. పక్కవాడు బంతి విసరగానే అందరూ రింగు వైపు చూస్తుంటే, వీడు మాత్రం ఎదుటి ఆటగాడికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, స్థలం ఆక్రమించుకుని నిలబడుతున్నాడు. బంతి రింగుకు తగిలి తిరిగొస్తే వీడి చేతుల్లోనే పడుతోంది. రీబౌండ్ అంటే ఇదే. ఐదుగురి జట్టులో ఫార్వర్డ్ అనేవాడు చేయాల్సిన పని ఇదే. గార్డు బంతి నడిపిస్తాడు, సెంటర్ రింగు కింద కాపలా కాస్తాడు. ఫార్వర్డ్ ఈ ఇద్దరి మధ్యా ఎక్కడ లోటుంటే అక్కడ నిలబడాలి. చప్పట్లు అతనికి తక్కువ పడతాయి.

బెంగళూరులో ఒక క్లబ్బు వాళ్లు వీడిని చూశారట. పది రోజులు ప్రాక్టీసుకు రమ్మన్నారు. నచ్చితే టోర్నమెంటుకు ఉంచుకుంటారు, తిండి, బస, కాస్త డబ్బు. నచ్చకపోతే రైలెక్కిస్తారు. తండ్రి ఒప్పుకోవడం లేదు.

సాయంత్రం తండ్రి వచ్చాడు. నెలలో ఇరవై రోజులు బెంగళూరులో బేల్దారి పని, మిగతా రోజులు ఇక్కడ. చేతుల మీద సున్నం తిన్న మచ్చలు. నన్ను సార్ అని పిలిచి, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"నేను తిరిగేది చాలదా సార్? వాడు గూడా తిరగల్లనా? ఈ పొద్దు ఈ టీము, రేపు ఇంగో టీము. అట్ల తిరిగేటోనికి పిల్లనెవురిస్తారు? పోలీసుకో, రైల్వేకో రాస్తే ఒకచోట ఉంటాడు."

ఆ మాటలో తప్పేముంది? వలస పోయేవాడికే తెలుస్తుంది నిలకడ విలువ. నేను జవాబు చెప్పలేదు. రేపు మాట్లాడుకుందాం అని, అతన్నీ అబ్బాయినీ మిత్రుణ్ణీ వెంటబెట్టుకుని బుక్కపట్నం చెరువుకట్ట మీదికి నడిచాను. విజయనగర రాజుల కాలం నాటి చెరువు అది. కట్ట మీద గాలి బాగుంటుంది. అక్కడ కూర్చుని వాళ్లకు చక్కీ బ్రౌన్ కథ చెప్పాను.

అమెరికా ఆటగాడు. 1968 ఫిబ్రవరి 29న పుట్టాడు. ఫార్వర్డ్. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి ఆడాడు. 1989లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో అతని పేరు వచ్చింది 43వ స్థానంలో. అంటే నలభై రెండు మంది తరువాత. క్లీవ్‌లాండ్ తీసుకుంది. రెండేళ్లు దాటాక వదిలేసింది. లాస్ ఏంజిలిస్, న్యూజెర్సీ, ఆ తరువాత డాలస్. డాలస్‌కు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. అక్కడితో ఎన్‌బీఏ తలుపు మూసుకుంది. వయసు పాతికేళ్లు.

అప్పుడతను ఇంటికి పోలేదు, యాకిమా పోయాడు. ఆ ఊరి గురించి ఈ అనంతపురం నేల మీద కూర్చుని చెప్పడం నాకు ఎంతో ఇష్టమనిపించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో, కొండల చాటున వాన పడని చోట ఉన్న ఊరది. ఏడాదికి ఇంచుమించు 200 మిల్లీమీటర్ల వాన, మన అనంతపురంలో సగం కూడా కాదు. నది నుంచి కాలువలు తవ్వుకుని యాపిల్ పండిస్తారు. ఆ యాపిల్ కోయడానికి మెక్సికో నుంచి వలస కూలీలు వస్తారు. అటువంటి ఊళ్లో సన్ కింగ్స్ అనే చిన్న జట్టు ఉండేది. కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అనే చిన్న లీగులో ఆడేది. చక్కీ బ్రౌన్ ఆ జట్టులో చేరాడు. ఆ లీగులో ఆడేవాళ్లంతా ఒక ఫోను కోసం ఎదురు చూసేవాళ్లే.

ఎన్‌బీఏలో పది రోజుల ఒప్పందం అని ఒకటుంది. జనవరి మొదటి వారం నుంచి, ఏ జట్టుకైనా మనిషి తక్కువైతే బయటి నుంచి ఒకణ్ణి పది రోజులకు పిలిపించుకోవచ్చు. పది రోజులయ్యాక మరో పది రోజులు పొడిగించవచ్చు. ఆపైన మాత్రం పొడిగింపు లేదు. సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా పంపేయాలి. ఆ పది రోజుల్లో మూడు నాలుగు మ్యాచ్‌లుంటాయి. వాటిలోనూ కొత్తవాడికి దొరికేది కొన్ని నిమిషాలు. పెట్టె విప్పకుండానే రోజులు గడిచిపోతాయి. ఆటగాడు లెక్కపెట్టుకునేది పది రోజులను కాదు. పదకొండో రోజు ఎక్కడుంటానన్నదే అతని ఆలోచన.

1995లో హూస్టన్ రాకెట్స్ నుంచి అతనికి ఆ పిలుపు వచ్చింది. అంతకుముందు ఏడాది ఛాంపియన్లు వాళ్లు. ఆ ఫిబ్రవరిలో క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే గొప్ప ఆటగాడి కోసం తమ ఫార్వర్డ్ ఓటిస్ థోర్ప్‌ను ఇచ్చేశారు. రింగు కింద దెబ్బలకోర్చి నిలబడేవాడు లేకుండా పోయాడు. ఆ ఖాళీలో యాకిమా నుంచి వచ్చిన మనిషి సరిగ్గా ఇమిడాడు. పది రోజులు గడిచాయి, పదకొండో రోజూ అతను హూస్టన్‌లోనే ఉన్నాడు. ఆ జట్టు పశ్చిమ విభాగంలో ఆరో స్థానంలో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. అంత కింది స్థానం నుంచి మొదలుపెట్టి టైటిల్ గెలిచిన జట్టు ఎన్‌బీఏలో మరొకటి లేదు. యూటాను, ఫీనిక్స్‌ను, శాన్ ఆంటోనియోను దాటుకుని ఫైనల్లో ఓర్లాండోను నాలుగుకు నాలుగూ ఓడించింది. అటు యాకిమా కూడా తన చిన్న లీగులో అదే ఏడాది టైటిల్ గెలిచింది. ఒకే సీజన్లో రెండు లీగుల విజేత జట్లలోనూ చక్కీ బ్రౌన్ పేరుంది.

ఇక్కడ అబ్బాయి కళ్లు మెరిశాయి. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ గెలుపు గురించి కాదు. తరువాతి ఏడాది అతను మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడాడు, ఒక్కటీ తప్పకుండా. ఆ మరుసటి వేసవిలో హూస్టన్‌కు చార్లెస్ బార్క్‌లీ కావాల్సి వచ్చాడు. అంత పెద్ద ఆటగాడి కోసం నలుగురిని ఫీనిక్స్‌కు ఇచ్చారు: శామ్ కాసెల్, రాబర్ట్ హోరీ, మార్క్ బ్రయంట్, చక్కీ బ్రౌన్. ముందు ఏడాది ఒక్క రోజు సెలవు తీసుకోనివాడు, ఈ ఏడాది తూకంలో చివరి రాయి. ఫీనిక్స్‌లో సీజన్ ముగియకుండానే మిల్వాకీ పంపారు. తరువాత అట్లాంటా, షార్లట్, శాన్ ఆంటోనియో, మళ్లీ షార్లట్, గోల్డెన్ స్టేట్, క్లీవ్‌లాండ్, చివరికి 2002లో శాక్రమెంటో. పన్నెండు జట్లు. అప్పట్లో ఎన్‌బీఏలో అంతకంటే ఎక్కువ జట్లకు ఆడినవాడు లేడు. జో స్మిత్, టోనీ మాసెన్‌బర్గ్ వంటి ఫార్వర్డ్‌లు కూడా పన్నెండు దగ్గరే ఆగారు. పదమూడో జట్టుకు ఆడి ఆ లెక్క దాటినవాడు ఇష్ స్మిత్ అనే గార్డు, 2022లో.

"చూసినావా సార్, నేను చెప్పిందే గదా" అన్నాడు తండ్రి. "పన్నెండు చోట్ల పెట్టుకోలేకపోయినారు వాన్ని."

అప్పుడడిగాను. బెంగళూరులో నిన్ను పనికి పిలిచే మేస్త్రీలు ఎంతమంది? ఆరేడుగురన్నాడు. ఒక బిల్డింగ్ అయిపోగానే పని పోతుంది కదా, అది నీ తప్పా? కాదన్నాడు. నీ పని బాగుందో లేదో నీకెట్లా తెలుస్తుంది?

కాసేపు ఆలోచించి అన్నాడు. "మేస్త్రీ మళ్లా ఫోన్ చేస్తే తెలుస్తాది సార్."

షార్లట్ జట్టు చక్కీ బ్రౌన్‌ను రెండోసారి పిలిచింది. మొదట వదిలేసిన క్లీవ్‌లాండ్, పదేళ్ల తరువాత మళ్లీ పిలిచింది. ఆల్‌స్టార్ మ్యాచ్ ఒక్కటీ ఆడని మనిషి, 1989 నుంచి 2002 దాకా ఆ ఆటతోనే పొట్ట పోసుకున్నాడు. పత్రికలవాళ్లు ఇటువంటి ఆటగాళ్లను దేశదిమ్మరులన్నట్టు రాస్తారు. నాకు ఆ రాతలు నచ్చవు. పన్నెండు జట్లు వదిలేశాయని లెక్క వేసేవాళ్లు, పన్నెండు జట్లు పిలిచాయని ఎందుకు లెక్క వేయరు? తండ్రి ఏమీ అనలేదు. చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున అబ్బాయినీ మిత్రుణ్ణీ తీసుకుని బస్సులో పెనుకొండ వెళ్లాను. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు హంపీ వదిలి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. రాజ్యమే పెట్టె సర్దుకుని వచ్చిన ఊరిది. కోట గోడలు చూసి, హైవే వైపు వచ్చాం. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. మొదట ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ. దారిలో కొరియా లిపిలో బోర్డులు కనిపిస్తాయి.

అబ్బాయికి తెలియని సంగతి ఒకటి చెప్పాను. ఎన్‌బీఏలో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే అవార్డును ఈ కంపెనీ పేరు జోడించే పిలుస్తారు. 2011 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్‌లో డంకుల పోటీ జరిగితే బ్లేక్ గ్రిఫిన్ అనే ఫార్వర్డ్, కోర్టు మీద నిలబెట్టిన కియా కారు ముందుభాగం మీదుగా ఎగిరి బంతిని రింగులో వేశాడు. కారు పైకప్పులోంచి సహచరుడు బంతి అందించాడు. ఆ బొమ్మ ప్రపంచమంతా చూసింది. ఆ తరువాతి సంగతి తక్కువమందికి గుర్తుంది. 2017 వేసవిలో క్లిప్పర్స్ జట్టు అతనితో ఐదేళ్లకు ఒప్పందం చేసుకుంది, జీవితాంతం మావాడివే అన్నట్టు మర్యాదలు చేసింది. ఏడాది తిరక్కుండా, 2018 జనవరిలో డెట్రాయిట్‌కు పంపేసింది. కారు మీదుగా ఎగిరినవాడికే ఆ గతి పట్టింది. ఈ వృత్తిలో నిలకడ ఎవరికీ రాసిపెట్టి లేదు.

ఈ కంపెనీ సొంత దేశం కొరియా సంగతి కూడా చెప్పాలి. అక్కడి లీగులో ప్రతి జట్టుకూ విదేశీ ఆటగాళ్లుంటారు, ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన ఫార్వర్డ్‌లు, సెంటర్లు. 2018లో ఒక నియమం పెట్టారు, విదేశీయుల ఎత్తు 200 సెంటీమీటర్లు దాటకూడదని. అప్పటికి ఆ లీగులో బాగా పాయింట్లు చేస్తున్న డేవిడ్ సైమన్‌ను కొలిచారు. 202.1 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కువై అతను కొరియా వదిలి పోవాల్సి వచ్చింది. మరుసటి సీజన్‌కు నియమం ఎత్తేశారు. పుట్టినప్పటి నుంచీ ఎత్తే నీకు వరం అని విన్న మనిషి, గోడకు ఆనుకుని మోకాళ్లు కాస్త వంగితే బాగుండునని కోరుకునే రోజు వచ్చింది. పరాయి దేశంలో ఆడి బతికేవాడి మీద ఎవరి అధికారం ఎంతో, ఆ రెండు సెంటీమీటర్లు చెబుతాయి. అబ్బాయికి ఇవన్నీ దాచకుండా చెప్పాను. మెరుపు ఒక్కటే చూపించి పంపితే మోసం చేసినట్టవుతుంది.

మన దేశం నుంచి అలా వెళ్లినవాళ్లున్నారా అని అడిగాడు. ఉన్నారు. అమ్‌జ్యోత్ సింగ్ అనే ఫార్వర్డ్ చండీగఢ్‌వాడు. 2014 జులై 12న చైనాలోని ఊహాన్‌లో, మన జట్టు మొదటిసారి చైనాను 65-58తో ఓడించినప్పుడు జట్టులో ఉన్నాడు. జపాన్‌లో ఆడాడు, 2017లో అమెరికా వెళ్లి ఎన్‌బీఏ కింది లీగులో ఓక్లహోమా సిటీ బ్లూ జట్టుకు ఆడాడు. అదే 2017లో అమృత్‌పాల్ సింగ్ ఆస్ట్రేలియాలో సిడ్నీ కింగ్స్‌కు వెళ్లాడు. ప్రిన్స్‌పాల్ సింగ్ అనే మరో ఫార్వర్డ్‌ది గురుదాస్‌పూర్ జిల్లా. లూధియానా, గ్రేటర్ నోయిడా, కాన్‌బెర్రా, కాలిఫోర్నియా మీదుగా సాగింది అతని ప్రయాణం. 2021లో లాస్ వేగాస్ సమ్మర్ లీగు గెలిచిన శాక్రమెంటో జట్టులో అతనున్నాడు. వీళ్లంతా ఉత్తరాదివాళ్లే కదా అన్నాడు అబ్బాయి. కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్ పేరు చెప్పాను. సదరన్ రైల్వే ఉద్యోగి. ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగులో మూడు జట్లు ఆమెను పరీక్షకు పిలిచాయి. రైల్వే ఉద్యోగమూ, పరదేశపు ఆటా రెండూ ఒకే మనిషి జీవితంలో ఉండగలవని వాళ్ల నాన్నకు చెప్పు అన్నాను.

తెలుగువాడి పేరు నేను చెప్పలేకపోయాను. అది నన్ను బాధపెట్టింది. 1920లో మద్రాసులో వైఎంసీఏ వాళ్లు వ్యాయామ విద్యా కళాశాల పెట్టినప్పటి నుంచీ, అక్కడ చదివిన డ్రిల్లు మాస్టార్లు మన జిల్లాలకు ఈ ఆటను మోసుకొచ్చారు. బడుల్లో స్తంభాలు పాతారు. మా తరం ఆ స్తంభాల కింద పెరిగింది. మన దగ్గర ఆట ఉద్యోగానికి మెట్టు. ఉద్యోగం రాగానే బంతి అటకెక్కుతుంది. నేనూ ఆ కోవలోనివాణ్ణే. ఇరవై ఏళ్ల వయసులో మద్రాసు నుంచి ఒక జట్టు ఎంపికలకు రమ్మని ఉత్తరం రాసింది. పరీక్షలున్నాయని ఇంట్లో వద్దన్నారు. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది, దేనికీ లోటు లేదు. ఆ ఎంపికలకు వెళ్లి ఉంటే నేనెంతవాణ్ణో నాకు తెలిసేది. అది మాత్రం ఈ రోజుకీ తెలియదు.

వలస మనకు కొత్తది కాదు. ఈ సీమ నుంచి తాపీ పట్టుకుని బెంగళూరు పోయినవాళ్లు ఆ నగరాన్ని కట్టారు. ధర్మవరం మగ్గం మీద నేసిన పట్టుచీర దేశమంతా తిరుగుతుంది. కంప్యూటర్ చదువుతో అమెరికాలో ఏడాదికొక కంపెనీ మారే పిల్లల్ని చూసి మురిసిపోతున్నాం. వాళ్లు కంపెనీ మారితే ఎదుగుదల అంటున్నాం, ఆటగాడు జట్టు మారితే నిలకడ లేదంటున్నాం. ఈ తేడా సరి కాదు.

సాయంత్రం కొత్తచెరువు తిరిగొచ్చేసరికి తండ్రి మైదానంలో ఉన్నాడు. వల లేని రింగు కింద నిలబడి పైకి చూస్తున్నాడు. స్తంభం కాస్త పక్కకు ఒరిగిందని, రసమట్టం పెట్టి చూస్తే తెలుస్తుందని మిత్రుడితో చెప్పాడు. బోర్డు కూడా కిందికి ఉందేమో కొలవమన్నాడు. నేల నుంచి రింగు పది అడుగులుండాలి. టేపు తెచ్చి కొలిచారు. నాలుగంగుళాలు తక్కువుంది. "ఇన్నాళ్లూ తక్కువ ఎత్తులో ఆడతాండావురా" అని కొడుకు వైపు చూశాడు. పంపుతానని చెప్పలేదు, పంపనని కూడా చెప్పలేదు. నేను ఆ రాత్రి రైలుకు వచ్చేశాను.

వారం తరువాత మిత్రుడు ఫోన్ చేశాడు. తండ్రే రైల్లో వెంటబెట్టుకుని పోయి, క్లబ్బు గేటు దగ్గర దింపి, తన పనికి తాను వెళ్లాడట. వెళ్లే ముందు సిమెంటు తెచ్చి స్తంభం నిలువు చేసి, రింగు పది అడుగులకు బిగించి పోయాడట. నేను రోజులు లెక్కపెట్టాను. పదో రోజు ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. పన్నెండో రోజు పొద్దున మిత్రుడి నుంచి రెండు ముక్కల మెసేజ్: నిన్న కూడా ప్రాక్టీసుకు రమ్మన్నారు. టోర్నమెంటు దాకా ఉండమన్నారు.